చూరు కింద నలభై నాలుగు సందులు

ఆగస్టు 19, సోమవారం. రెజైనా.
ఉదయం 6:40

కొత్త డైరీ. కొత్త పెన్ను. కారణం ఉంది.

నిన్న భోజనాల దగ్గర కమల ఒక మాట అంది. "ఈ చలికాలం కూడా రెండు రజాయిలు, మేజోళ్లు, మంకీ క్యాపుతో పడుకోవాల్సి వస్తే నా వల్ల కాదండీ. ఏప్రిల్లో ఇల్లు అమ్మేసి ఏజాక్స్ వెళ్లిపోదాం. చక్రధర్ వాళ్ల బిల్డింగులోనే కాండో ఖాళీ ఉందట."

చక్రధర్ నా బావమరిది. ఏజాక్స్‌లో పదకొండో అంతస్తు ఫ్లాటులో ఉంటాడు. వాళ్ల బాల్కనీలో నిలబడి చూస్తే ఎదుటి బిల్డింగు బాల్కనీ కనిపిస్తుంది. అందులో నిలబడ్డ మనిషి మనల్ని చూస్తుంటాడు.

నేను ఈ ఇల్లు వదలను. పంతొమ్మిదేళ్లుగా ఉంటున్నాం. గరాజ్‌లో నా పనిబల్ల ఉంది. పెరట్లో ఆపిల్ చెట్టు ఉంది. కాండోలో సుత్తి తీస్తే కిందవాళ్లు కంప్లయింట్ చేస్తారు.

ఇంతకీ తప్పంతా మేడమీద పడకగదిది. దానిపైన అటకలో చలి ఆపే ఇన్సులేషన్ పాతబడి అణిగిపోయింది. పంతొమ్మిది చలికాలాలుగా "వచ్చే ఏడు చేయిస్తా" అంటున్నాను. హైవేల శాఖలో ముప్పై ఒక్క ఏళ్లు చేసి రిటైరైన ఇంజినీర్ని. చేయించడమేమిటి? నేనే చేస్తాను!

పని వివరం: చూరు కింద చిల్లుల రేకులు ఉంటాయి. వాటిలోంచి బయటి గాలి అటకలోకి వచ్చి, కప్పు లోపలి వైపున పాకుతూ పోయి, పైన ఉన్న వెంట్లలోంచి బయటపడాలి. తెలియనివాళ్లు ఇన్సులేషన్ పోసేటప్పుడు ఆ చిల్లులు పూడ్చేస్తారు. గది వెచ్చబడుతుంది గానీ అటకలో చెమ్మ చేరి కప్పు కుళ్లుతుంది. అందుకని ముందుగా వాసానికీ వాసానికీ మధ్య సందులో ఒక బాఫిల్ కొట్టాలి. బాఫిల్ అంటే భయపడక్కర్లేదు, గాడి ఉన్న ఫోమ్ రేకు. ఇన్సులేషన్ ఎంత పోసినా ఆ గాడిలోంచి గాలి పోతుంది.

వీధి వైపు ఇరవై రెండు సందులు. పెరటి వైపు ఇరవై రెండు. మొత్తం నలభై నాలుగు. రోజుకి నాలుగు. రేపు మొదలుపెడితే ఆగస్టు ముప్పైకి పూర్తి! సెప్టెంబరు 14కి ఇన్సులేషన్ ఊదే మెషిన్ బుక్ చేసేశాను.

ఈ పేజీలోనే ఎర్ర ఇంకుతో రాస్తున్నాను: నలభై నాలుగూ కొట్టకుండా గుప్పెడు ఇన్సులేషన్ కూడా పోయను. ఇట్లు, రామమోహనరావు.

కమలకి చూపించాను. చదివి, "సంతకం కింద తేదీ లేదు" అంది. వేశాను.

ఆగస్టు 20, మంగళవారం
ఉదయం 7:00

సామాను:
నెత్తికి కట్టుకునే లైటు - 1
మాస్కులు - 1 డబ్బా
మోకాళ్ల కింద దిళ్లు - 1 జత
స్టేప్లర్ - 1
బాఫిళ్లు - 44
ఉత్సాహం - సరిపడా

7:15. కేంబ్రిడ్జ్ నుంచి అమ్మాయి నీరజ ఫోన్. సంగతి చెప్పాను. "డాడ్, యూ ఆర్ సిక్స్‌టీ ఎయిట్. జస్ట్ హైర్ సమ్‌వన్" అంది. వంతెనలు కట్టించినవాడికి అటక ఒక లెక్కా అన్నాను. ఫోన్ మ్యూట్ చేసింది. మ్యూట్‌లో నవ్వుతోందని అనుమానం.

7:40. అటక మూత తీశాను. మొదట కనిపించినవి కమల వడియాల పెట్టెలు.

వాటి గురించి రాయాలి. రెజైనాలో వడియాలు ఎండబెట్టడం తేలిక కాదు. డెక్ మీద పెడితే ఉడతలు. గాలి లేస్తే పక్కింటి లాన్‌లో ఏరుకోవాలి. ఈ ఇంట్లో దిగిన మొదటి వేసవిలోనే కమల నిచ్చెనెక్కి అటకలో తల పెట్టి, "ఇక్కడ వేడుందండీ. వేడితో పాటు గాలీ ఉంది" అని కనిపెట్టింది. అప్పటినుంచి ఏటా గుమ్మడి వడియాలు అక్కడే. సన్నని జాలీ కొట్టిన చెక్కపెట్టెలు రెండు చేసిచ్చాను. మూతకి వీధి వైపున ఒకటి, పెరటి వైపున ఒకటి. మూడు రోజులకి గలగలలాడతాయి. ఊళ్లో సగం తెలుగువాళ్ల ఇళ్లలో పప్పులోకి నంజుకునేవి మా అటక వడియాలే.

కమల చదివింది తెలుగు సాహిత్యం. గాలి ప్రవాహం లాంటివి ఆమెకి చెప్పినా అర్థం కావు. చెప్పలేదు.

11:30. దిగాను. రెండు అయ్యాయి! చూరు దగ్గరకి పోయేకొద్దీ కప్పు కిందికి దిగుతుంది. చివరి నాలుగడుగులు పొట్ట మీద పాకాలి. పైన రూఫింగ్ మేకుల మొనలు ఉంటాయి. వాటిలో నాలుగింటిని నెత్తితో కనుక్కున్నాను. వేడి నలభై ఎనిమిది డిగ్రీలు.

నాలుగు అనుకుని రెండే చేశాను. ఏం ఫర్వాలేదు. మొదటి రోజు నేర్చుకునే రోజు.

ఆగస్టు 21, బుధవారం
నాలుగు!!! మొత్తం ఆరు.

కమల మజ్జిగ అందించింది. నిచ్చెన కింద నిలబడి నా మోకాళ్లు చూసి, "కొబ్బరినూనె రాస్తా, కూర్చోండి" అంది. ముప్పై తొమ్మిదేళ్ల సంసారంలో నా మోకాళ్ల మీద ఇంత శ్రద్ధ చూడలేదు. పని చేసే మగాడి విలువ వేరు.

ఆగస్టు 22, గురువారం
బయట 33. అటకలో 54. మనిషి ఎక్కే వేడి కాదు. కమల ఎక్కి వడియాలు తిప్పి వచ్చింది. అది రెండు నిమిషాల పని, పోలిక లేదు.

ఆగస్టు 23, శుక్రవారం
మూడు. మొత్తం తొమ్మిది. అన్నీ పెరటి వైపువే, మూతకి దగ్గరవి. దగ్గరవి ముందు చేసుకోవడం ఇంజినీరింగ్ పద్ధతి.

ఆగస్టు 26, సోమవారం
శనివారం కోదండరామ్ గారింట్లో భోజనం. ఆయన యూనివర్సిటీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యారు. మా వీధిలోనే చివరి ఇల్లు. అటక సంగతి చెప్తే నోరు తెరుచుకుని విన్నారు. రెండు గంటలు వివరించాను. గొంతు పోయింది. అందువల్ల ఆదివారం విశ్రాంతి. ఇవాళ నడుము.

ఆగస్టు 28, బుధవారం
ఉదయం 8:10. ఎక్కాను.
8:14. దిగాను. వీధి వైపు చూరులో కందిరీగలు.
8:15. వాటి ప్రాణం వాటిది. చలి వచ్చేదాకా ఆగడం మానవత్వం.

ఆగస్టు 30, శుక్రవారం
ఈ రోజుకి పూర్తవ్వాలి. తొమ్మిది అయ్యాయి. ప్రభుత్వ పనుల్లో ఇరవై శాతం పూర్తయితే మంత్రిగారు రిబ్బన్ కోసేవారు.

సెప్టెంబరు 3, మంగళవారం
రెండు. మొత్తం పదకొండు.

సెప్టెంబరు 5, గురువారం
మూడు! మొత్తం పద్నాలుగు. పెరటి వైపు ఇంకా ఎనిమిది. వీధి వైపు మొత్తం ఇరవై రెండు. కందిరీగలు బాగానే ఉన్నాయి.

సెప్టెంబరు 7, శనివారం
వినాయక చవితి. పనిముట్లు పూజలో పెట్టాలంది కమల. స్టేప్లర్ పెట్టాను. పూజలో పెట్టినదాన్ని వెంటనే తీయకూడదు.

సెప్టెంబరు 12, గురువారం
స్టేప్లర్ ఇంకా పూజగదిలోనే ఉంది.

సెప్టెంబరు 13, శుక్రవారం
సాయంత్రం 5:30

రేపు మెషిన్ వస్తుంది. వాయిదా వేద్దామని ఫోన్ చేశాను. అక్టోబరు చివరిదాకా ఖాళీ లేదన్నారు. అక్టోబరు చివరికి మంచు పడుతుంది. మంచు పడితే కమల రెండో రజాయి తీస్తుంది. రెండో రజాయి తీస్తే ఏజాక్స్.

కాగితం తీసి లెక్క వేశాను. ఏ డిజైనులోనైనా మూడు రెట్లు భద్రత కలుపుకుంటారు. వంతెనైనా, కప్పైనా. కనక అవసరమైనది నలభై నాలుగులో మూడోవంతు. అంటే రమారమి పద్నాలుగూ ముప్పావు. నావి పద్నాలుగు. తేడా ముప్పావు బాఫిల్.

లెక్క రెండుసార్లు సరిచూశాను. తప్పు లేదు.

కమల వచ్చి, "అన్నీ అయ్యాయా?" అని అడిగింది. తల ఊపాను. ఏ వైపు ఊపానో నాకే స్పష్టంగా లేదు.

"నలభై నాలుగూనా!" అంది.

మళ్లీ ఊపాను. ఈసారి స్పష్టంగానే ఊపాను.

5:50. మిగిలిన ముప్పై బాఫిళ్లు గరాజ్‌లో బియ్యం బస్తాల వెనక పెట్టాను. అక్కడ ఎవరూ చూడరు.

సెప్టెంబరు 14, శనివారం
గరాజ్‌లో మెషిన్. కమల మాస్కు కట్టుకుని మూటలు విప్పి అందులో వేసింది. నేను అటకలో గొట్టం పట్టుకున్నాను. బూడిద రంగు కాగితప్పొట్టు పొగలా వచ్చి పడింది. మూడు గంటల్లో అటకంతా మోకాలి లోతు. వీధి వైపు చూరు దగ్గర కాస్త ఎక్కువే పడింది. చిల్లులు కనపడటం లేదు. కనపడనంత మాత్రాన లేవని కాదు.

కమల తల మీద, కనురెప్పల మీద పొట్టు. గరాజ్ మెట్ల మీద కూర్చుని నీళ్లు తాగుతూ, "అయిపోయింది కదండీ" అంది. ఎంతో తృప్తిగా అంది. అయిపోయిందన్నాను. ఆ మాట అంటున్నప్పుడు బాగా అనిపించలేదు. ఇది డైరీ కాబట్టి రాస్తున్నాను.

సెప్టెంబరు 22, ఆదివారం
ఈ ఏటికి ఆఖరి విడత వడియాలు. పెట్టెలు రెండూ కొత్త ఇన్సులేషన్ మీద పలకలేసి నిలబెట్టిచ్చాను. బయట 26, మంచి ఎండ.

సెప్టెంబరు 27, శుక్రవారం
అయిదు రోజులయ్యాయి. కమల నిచ్చెన దిగి, రెండు చేతుల్లో రెండు పళ్లేలు పట్టుకుని నా ముందు నిలబడింది.

"ఇవి పెరటి వైపువి. చూడండి." గలగలలాడుతున్నాయి.

"ఇవి వీధి వైపువి." వాటికి ఆకుపచ్చని బూజు.

"పంతొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా ఇలా అవలేదండీ. ఒకే పిండి, ఒకే రోజు, ఒకే అటక."

ఈ సెప్టెంబరులో చెమ్మ ఎక్కువన్నాను. వాతావరణ మార్పుల గురించి చెప్పాను. హిమానీనదాల దాకా వెళ్లాను.

కమల అంతా విని "ఊఁ" అంది. బూజు పళ్లెం చెత్తలో వంచి, అటక మూత వైపు ఒకసారి చూసి, వంటింట్లోకి వెళ్లిపోయింది. పాపం, వడియాలు పోయాయని బాధ.

అక్టోబరు 5, శనివారం
కమల వంటింట్లో తలుపు వేసుకుని చక్రధర్‌తో నలభై నిమిషాలు మాట్లాడింది. "కాండో" అన్న మాట రెండుసార్లు వినిపించింది. తలుపు తీశాక ఏమిటన్నాను. "ఏం లేదు, బియ్యం అయిపోయాయి, కొత్త బస్తా విప్పాలి" అంది.

కాండో ఇంకా చేతిలో ఉంచుకుందన్నమాట. చలికాలం పరీక్ష నెగ్గి తీరాలి.

అక్టోబరు 14, సోమవారం
థాంక్స్ గివింగ్, ఇక్కడ అక్టోబర్లోనే. బయట మైనస్ 3.

పడకగదిలో వేడి:
పోయిన ఏడు ఇదే రోజు - 16
ఇవాళ - 21!!

కమల మంకీ క్యాపు తీసేసింది. ఒక రజాయి మడిచి బీరువాలో పెట్టింది. లెక్క లెక్కే! ముప్పావు బాఫిల్ తేడాతో ప్రపంచం ఆగిపోదు.

నవంబరు 2, శనివారం
తెలుగు సంఘం దీపావళి. భోజనాల లైన్లో కమల నా ముందు నిలబడి అందరికీ చెప్తోంది. "మా వారు నలభై నాలుగూ స్వయంగా పెట్టారండీ. ఒక్కటి కూడా వదల్లేదు."

పూరీ వేస్తున్నావిడకి చెప్పింది. కూర వేస్తున్నాయనకి చెప్పింది. పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి నాకు ఆకలి చచ్చిపోయింది.

"ఇన్నిసార్లెందుకు చెప్పడం?" అన్నాను.

"గొప్ప పని కదండీ, చెప్పుకోవద్దూ? ఎన్నన్నాను, నలభై నాలుగే కదా?"

సంఘం సెక్రటరీ విన్నాడు. పదహారో తారీఖున నన్ను మాట్లాడమన్నాడు. విషయం: చలికాలంలో ఇంటి సంరక్షణ. వద్దని చెప్పబోయాను. కమల, "తప్పకుండా మాట్లాడతారు" అంది.

నవంబరు 16, శనివారం
ముప్పై అయిదు మంది వచ్చారు. స్లైడ్లు పదిహేడు. గాలి దారి మూసేసిన ఇల్లు ముక్కు మూసుకుని పడుకున్న మనిషి లాంటిదన్నాను. చప్పట్లు.

ప్రశ్నల సమయం. కోదండరామ్ గారు లేచారు. "రావుగారూ, చూరు మూలల్లోకి పాకడం కష్టంగా ఉందండీ. కొన్ని సందులు వదిలేస్తే ఏమవుతుంది?"

"ఒక్కటి కూడా వదలకూడదండీ" అన్నాను. గొంతు ఖంగుమంది. "మనల్ని మనం మోసం చేసుకోవచ్చు గానీ గాలిని మోసం చేయలేం."

మళ్లీ చప్పట్లు. కమల మొదటి వరసలో కూర్చుని టీ తాగుతోంది. ఆమె మాత్రం చప్పట్లు కొట్టలేదు. చేతిలో కప్పుంది కదా.

నవంబరు 24, ఆదివారం
మైనస్ 24. కమల గుడికి వెళ్లగానే అటక మూత తీసి చూశాను.

పెరటి వైపు: చెక్క పొడిగా ఉంది.
వీధి వైపు: ప్రతి మేకు మొన మీదా తెల్లని మంచు గుండు. చెక్కంతా మంచు పూత. లైటు వేస్తే మిలమిల మెరిసింది.

చూడ్డానికి అందంగానే ఉంది. మూత వేసేశాను.

రేపటినుంచి రోజుకి నాలుగు. చూరు దగ్గర పొట్టు వెనక్కి లాగి, మిగతా ముప్పై కొట్టేస్తాను. తప్పదు!

నవంబరు 25, సోమవారం
జలుబు.

డిసెంబరు 3, మంగళవారం
మైనస్ 29. చలికి ఫోమ్ పెళుసెక్కి విరుగుతుందని చదివాను. ఎక్కడ చదివానో గుర్తు లేదు.

డిసెంబరు 10, మంగళవారం
బాఫిళ్లు ఎలా ఉన్నాయో చూద్దామని గరాజ్‌కి వెళ్లాను. కమల అప్పటికే అక్కడుంది, బియ్యం తీస్తోంది. "ఏం కావాలండీ?" అంది. సుత్తి అన్నాను. సుత్తి పట్టుకుని ఇంట్లోకి వచ్చాను. సుత్తితో చేయాల్సిన పని ఇంట్లో ఏదీ లేదు. కాసేపు పట్టుకుని కూర్చున్నాను.

డిసెంబరు 29, ఆదివారం
కోదండరామ్ గారి ఫోన్. తన అటకలో యాభై రెండు సందులకీ బాఫిళ్లు కొట్టేశారట! డెబ్భై ఒక్క ఏళ్ల మనిషి. నవంబరు చలిలో ఇరవై ఆరు రోజులు, రోజుకి రెండు. "మంచు చుక్క లేదండీ. అంతా మీ చలవే" అన్నారు. మధ్యాహ్నం వచ్చి మైసూర్‌పాకు డబ్బా ఇచ్చి, నా చేతులు పట్టుకుని మరీ వెళ్లారు.

మూడు ముక్కలు తిన్నాను. సిగ్గేసింది. నాలుగోది తినలేదు.

జనవరి 12, ఆదివారం
మైనస్ 33. గదిలో 21. కమల హాయిగా నిద్రపోతోంది. అటక ఎక్కలేదు. పైకి చూడ్డం కూడా మానేశాను. వెల్లకిలా పడుకోవడం లేదు.

జనవరి 26, ఆదివారం
ఉదయం 10:30. బయట ప్లస్ 4! జనవరిలో! ఊరంతా కోట్లు విప్పి తిరుగుతోంది. కమల సరుకులకి వెళ్లింది.

11:20. మేడమీద టప్‌మని చప్పుడు.

11:21. ఇంకో టప్.

11:25. పడకగది సీలింగ్ మీద పళ్లెమంత మరక. వీధి వైపు. సరిగ్గా కమల పడుకునే వైపు. ఆమె రజాయి మీద నీళ్లు పడుతున్నాయి. అటకలో రెండు నెలల మంచు ఒక్కసారిగా కరుగుతోంది.

11:30. పెట్టిన గిన్నెలు:
పులిహోర కలిపే బేసిన్ - మంచం మీద
ఇడ్లీ కుక్కర్ - కిటికీ దగ్గర
పాలగిన్నె - బీరువా ముందు

11:50. పాలగిన్నె నిండింది.

12:05. మంచం అంచున కూర్చున్నాను. కమల వచ్చి చూస్తుంది. చూడగానే ఇల్లు అమ్మేద్దామంటుంది. అనే హక్కు ఆమెకుంది. పనిబల్ల, ఆపిల్ చెట్టు, వడియాల పెట్టెలు అన్నీ వదిలి పదకొండో అంతస్తుకి పోవాలి. ఒకటే ఆశ మిగిలింది. ఆ కాండో ఈపాటికి ఎవరైనా కొనేసి ఉండాలి.

12:10. చక్రధర్‌కి ఫోన్ చేశాను. వీలైనంత మామూలు గొంతుతో, "ఏమోయ్, ఆ కాండో ఇంకా ఖాళీగానే ఉందా?" అన్నాను.

"అదేంటి బావగారూ? అక్కయ్య అక్టోబర్లోనే వద్దని చెప్పేసిందిగా!"

"అక్టోబర్లోనా?"

"అవునండీ. నేనూ అడిగా, చలికి పడలేకపోతున్నానన్నావు కదే అక్కయ్యా అని. కాండోలో వడియాలు ఎక్కడ పెట్టుకోన్రా అంది. ఇంకా ఏదో అంది. 'మీ బావ పద్నాలుగు కొట్టార్రా. పంతొమ్మిదేళ్లలో చెప్పిన పని మొదలుపెట్టడం ఇదే మొదటిసారి. మిగతా ముప్పై కూడా కొడతారు, ఆగుదాం' అంది. ఆ పద్నాలుగేంటో నాకర్థం కాలేదు. మీరేమన్నా క్రికెట్ ఆడుతున్నారా బావగారూ?"

12:14. ఫోన్ పెట్టేశాను. ఇడ్లీ కుక్కర్ నిండుతోంది. వంచాలి. లేవలేకపోయాను.

అక్టోబరు అయిదో తారీఖునే తెలుసు. అంటే దీపావళి భోజనాల్లో తెలిసే అంది. మొదటి వరసలో తెలిసే కూర్చుంది. నేను ఏ ఇంటి కోసం నాలుగున్నర నెలలుగా అబద్ధం మోస్తున్నానో, ఆ ఇంటిని ఆమె అక్టోబర్లోనే నాకు వదిలేసింది. ఆ తరువాత రోజూ నన్ను చూస్తూ ఊరుకుంది.

1:30. కమల వచ్చింది. సంచులు కింద పెట్టి, చప్పుడు విని పైకి వచ్చింది. మరక చూసింది. బేసిన్ చూసింది. తడిసిన రజాయి చూసింది. నన్ను చూసింది.

"కమలా" అన్నాను. "నలభై నాలుగు కాదు."

"పద్నాలుగు" అంది.

"నీకెలా తెలుసు?"

"మొదట వడియాలు చెప్పాయండీ. పెరటి వైపు గాలాడుతోంది, వీధి వైపు ఆడటం లేదు. చూరులోంచి వచ్చే గాలికే కదా పంతొమ్మిదేళ్లుగా ఎండబెడుతున్నాను. నాకు తెలీదా?" రజాయి మంచం మీంచి లాగి బాత్‌రూమ్‌లో పడేసి వచ్చింది. "ఆ తరువాత బియ్యం తీయడానికి వెళ్తే బస్తాల వెనక ముప్పై ఉన్నాయి. ఈ ఇంట్లో బియ్యం తీసేది ఎవరండీ?"

అది నేను ఎన్నడూ ఆలోచించలేదు. ముప్పై తొమ్మిదేళ్లుగా అన్నం తింటున్నాను.

"మరి కాండో వద్దని నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మిగతా ముప్పై పెడతారా? ఆ భయమన్నా ఉంటే పెడతారనుకున్నా. అందరి ముందూ చెప్తే సిగ్గుపడి పెడతారనుకున్నా. స్పీచ్ ఇచ్చాకైనా పెడతారనుకున్నా." పాలగిన్నె వైపు చూసింది. "మీరు పాలగిన్నె పెట్టారు."

ఆమె నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. కళ్లు తడిగా ఉన్నాయి. తిట్టి ఉంటే నయంగా ఉండేది.

"తప్పయిపోయింది" అన్నాను. ఆ మాట ఈ ఇంట్లో నేను అనడం రెండోసారి. మొదటిసారి ఎందుకన్నానో ఆమెకి గుర్తుండే ఉంటుంది.

"ఇడ్లీ కుక్కర్ వంచి రండి" అంది.

జనవరి 28, మంగళవారం
తడిసిన పొట్టు ఆరు సంచులు ఎత్తాను. కప్పు చెక్క ఇంకా గట్టిగానే ఉంది, వీధి వైపు నల్లబడింది. వసంతంలో రూఫింగ్ మనిషిని పిలవాలి. కోదండరామ్ గారింటికి వెళ్లి నిజం చెప్పాను. ఆయన "అయితే ఆ ముప్పావు బాఫిల్ లెక్క ఒకసారి వేసి చూపిస్తారా?" అన్నారు. వేసి చూపించాను. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

ఫిబ్రవరి 1, శనివారం
ఉదయం 9:00. మైనస్ 18.

కొత్త పేజీ. ఎర్ర ఇంకు.

నిర్ణయం: మిగతా ముప్పై. రోజుకి రెండే. పదిహేను రోజులు. ఇట్లు, రామమోహనరావు. తేదీ వేశాను.

కమల పెన్ను తీసుకుని కింద "సాక్షి" అని రాసి సంతకం చేసింది.

10:15. స్టేప్లర్ పూజగదిలోంచి తీశాను. అక్షింతలు దులిపాను.

10:30. కమల మంకీ క్యాపు నాకు పెట్టింది. ఇప్పుడది నాకే అవసరమంది. చూరు దగ్గర పొట్టు వెనక్కి లాగడానికి చేట ఇచ్చింది. గోడకి వేలాడదీసుకున్న చేట, పంతొమ్మిదేళ్లలో మొదటిసారి పనికొచ్చింది.

10:40. వీధి వైపు మొదటి సందు. పొట్ట మీద పాకాను. ఇంకో మేకు తగిలింది గానీ మంకీ క్యాపు ఆపింది. పొట్టు లాగగానే చూరు చిల్లుల్లోంచి చల్లగాలి మొహానికి కొట్టింది. చాలా చల్లగా ఉంది, హాయిగా కూడా ఉంది. కమల నిచ్చెన మీద నిలబడి బాఫిల్ అందించింది. కొట్టాను.

11:50. వేళ్లు కొంకర్లు పోయాయి. మూత దగ్గరికి పాకి వచ్చాను. కింద కుర్చీలో కమల కూర్చుని ఉంది. ఒడిలో ఇవాళ్టి రెండో బాఫిల్.

"మొత్తం ఎన్నయ్యాయండీ?"

"పదహారు" అన్నాను.

కమల ఒడిలోని బాఫిల్ ఎత్తి చూపించింది.

పదిహేను. మజ్జిగ తాగి మళ్లీ ఎక్కుతున్నాను.